పాత్రపోషణ ఆటలలో దేవజాతుల కల్పన

పాత్రపోషణ ఆటలలో దేవజాతుల కల్పన అనగా, రోల్ ప్లేయింగ్ గేమ్స్ అని పిలువబడే ఆటల కొరకు మానవులకంటే భిన్నమైన ఒక దివ్యజాతిని ఊహించి, ఆ జాతికి నివాసం, ఆచారాలు, భాష, శక్తులు, బలహీనతలు ఏర్పరచడం. ఈ ఆటలు 1970లలో అమెరికాలో పుట్టినవి. కాని క్రొత్త దేవతలను, వారికొక లోకాన్ని సృష్టించే ఆలోచన తెలుగువారికి ఎంతో పూర్వం నుండి పరిచయమైనదే. విశ్వామిత్రుని త్రిశంకు స్వర్గం ఇందుకు మొదటి ఉదాహరణ. ఆ విశ్వామిత్రుని కథను తెరకెక్కించిన నందమూరి తారక రామారావు నెలకొల్పిన స్టూడియోలలో ఒకటి హైదరాబాదు తూర్పున ఉప్పల్‌కు సమీపంలోని నాచారంలో ఉన్నది.

ఆట స్వరూపం

ఈ తరహా ఆటలలో మొదట ముద్రింపబడినది డంజియన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీనిని 1974లో వెలువరించారు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథను నడిపిస్తారు, మిగిలినవారు తలా ఒక పాత్రను ధరించి ఆ పాత్ర ఏమి చేస్తుందో చెబుతారు. ఫలితం సందేహంగా ఉన్నచోట ఇరవై ముఖాల పాచిక వేసి తేల్చుకుంటారు. మన వీధి నాటకానికి, వైకుంఠపాళికి మధ్యస్థంగా ఉండే వినోదం అనుకోవచ్చు. ఈ ఆటలో దివ్యాంశ గల మానవులను 'ఆసిమార్' అంటారు. 1990లలో ప్రవేశపెట్టబడిన ఈ జాతి, 2024 నాటి ఆటగాళ్ళ గ్రంథంలో ప్రధాన జాతులలో ఒకటిగా చేర్చబడింది.

క్రొత్తగా దేవజాతిని కల్పించేవారు సాధారణంగా చేసే పొరపాటు, తమ జాతికి శక్తులను మాత్రమే ఇవ్వడం. ఎగురుతారు, వెలుగుతారు, గాయాలు మాన్పుతారు, అందరూ మంచివారే. అటువంటి పాత్రకు చేయవలసిన పని ఏమీ మిగలదు. దేవజాతికి ప్రాణం పోసేది దానికి గల హద్దులే. వారు చేయలేనిది ఏమిటి, మానవులకు ఏమి బాకీ, ఏ తప్పుకు స్వర్గం నుండి త్రోసివేయబడతారు అన్న ప్రశ్నలకు సమాధానం ఉన్నప్పుడే ఆట సాగుతుంది. ఈ సమాధానాలు మన పురాణాలలో, ప్రబంధాలలో సమృద్ధిగా లభిస్తాయి.

త్రిశంకు స్వర్గం

ఈ కథ వాల్మీకి రామాయణం బాలకాండలో ఉన్నది. ఇక్ష్వాకు వంశపు రాజైన త్రిశంకుడు బొందితో స్వర్గానికి వెళ్ళాలని కోరుకున్నాడు. కులగురువు వసిష్ఠుడు అది సాధ్యం కాదన్నాడు. వసిష్ఠుని కుమారులు కోపించి అతనిని చండాలుడవు కమ్మని శపించారు. అందరూ విడిచిన త్రిశంకునికి విశ్వామిత్రుడు అభయమిచ్చి యాగం చేయించాడు. హవిర్భాగాలు తీసుకోవడానికి దేవతలు రాలేదు. విశ్వామిత్రుడు తన తపశ్శక్తితోనే అతనిని పైకి పంపాడు. ఇంద్రుడు క్రిందకు త్రోయగా తలక్రిందులుగా పడుతున్న త్రిశంకుని విశ్వామిత్రుడు మధ్యలో నిలిపివేశాడు.

తరువాత జరిగినదే ఇక్కడ ముఖ్యం. విశ్వామిత్రుడు దక్షిణ దిక్కున క్రొత్తగా సప్తర్షులను, నక్షత్రాలను సృష్టించాడు. అంతటితో ఆగక, ఇంకొక ఇంద్రుని సృష్టిస్తాననీ లేదా లోకం ఇంద్రుడు లేకుండానే ఉంటుందనీ పలికి, దేవతలను కూడా సృష్టించడం మొదలుపెట్టాడు. అనగా ఒక సంపూర్ణ దేవజాతి పుట్టబోతున్న క్షణం అది. అప్పుడు దేవతలు, ఋషులు వచ్చి ఒడంబడిక చేసుకున్నారు. త్రిశంకుడు, క్రొత్త నక్షత్రాలు శాశ్వతంగా ఉంటాయి, కాని జ్యోతిర్మార్గానికి వెలుపల ఉంటాయి. క్రొత్త దేవతల సృష్టి ఆగిపోయింది.

ఒక ఆట రచయితకు ఇంతకంటే మంచి ఆరంభం దొరకదు. సగం పుట్టి ఆగిపోయిన ఆ దేవతలు ఏమైనారు? వారికి యజ్ఞంలో భాగం లేదు, అసలు స్వర్గంలో చోటు లేదు, వారి ఏకైక ప్రజ తలక్రిందులుగా వ్రేలాడే ఒక బహిష్కృతుడైన రాజు. అటువంటి జాతికి పైకి చూడడమంటే భూమిని చూడడమే అవుతుంది. అతిథిని కులమడిగి గుమ్మం దగ్గర నిలిపే ఆచారం వారిలో ఉండే అవకాశం లేదు, ఎందుకంటే వారి లోకం ఏర్పడినదే గుమ్మం దగ్గర నిలిపివేయబడిన ఒకని కొరకు. ఈ విధంగా ఒక పుట్టుక కథ నుండి ఆచారాలు వాటంతట అవే వస్తాయి.

ఈ లోకాన్ని కంటితో చూడవచ్చు. దక్షిణాకాశంలోని సిలువ ఆకారపు నక్షత్ర సమూహాన్ని మనవారు త్రిశంకు మండలం అంటారు. ఉప్పల్, నాచారం ప్రాంతాలు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నందున, ఏప్రిల్ నెలాఖరు నుండి మే నెల మధ్య వరకు రాత్రి తొమ్మిది, పది గంటల వేళ ఈ మండలం దక్షిణ దిగంతానికి పైన దాదాపు 10 నుండి 15 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. మేడలు, వీధి దీపాల వెలుతురు అడ్డు లేని డాబా కావాలి. ఢిల్లీ నుండి చూచినవారికి ఇది దిగంతాన్ని దాదాపు ఆనుకుని ఉండి, సరిగా కనిపించదు.

నాచారంలోని రామకృష్ణ హార్టికల్చరల్ సినీ స్టూడియోను నెలకొల్పిన రామారావు, 1991లో విడుదలైన 'బ్రహ్మర్షి విశ్వామిత్ర' చిత్రాన్ని నిర్మించి, దర్శకత్వం వహించి, విశ్వామిత్రునిగా నటించారు. తెలుగు ప్రేక్షకులు స్వర్గాన్ని ఊహించుకునే తీరుకు ఇటువంటి చిత్రాల అట్ట స్తంభాలు, పొగమేఘాలు, మెరిసే కిరీటాలే చాలావరకు కారణం. ఆటకు బొమ్మలు గీసే యువకులు తెలియకుండానే ఈ సెట్టింగులను అనుసరిస్తుంటారు. మూల గ్రంథాలను కూడా చూస్తే ఊహ మరింత విస్తరిస్తుంది.

దేవయోనులు, వారి లక్షణాలు

అమరకోశం పది దేవయోనులను పేర్కొంటుంది. అవి విద్యాధరులు, అప్సరసలు, యక్షులు, రాక్షసులు, గంధర్వులు, కిన్నరులు, పిశాచాలు, గుహ్యకులు, సిద్ధులు, భూతాలు. ఈ జాబితాలో రాక్షసులు, పిశాచాలు కూడా ఉండడం గమనించదగినది. దివ్యజాతి అంటే మంచిజాతి అని అర్థం కాదని దీనివలన తెలుస్తుంది.

దేవతలను గుర్తించే ఆనవాళ్ళు నలదమయంతుల కథలో ఉన్నాయి. స్వయంవరంలో ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుని రూపంలో కూర్చున్నారు. వారికి చెమట లేదు, రెప్పపాటు లేదు, మెడలోని పూలమాల వాడలేదు, ఒంటిమీద దుమ్ము లేదు, పాదాలు నేలను తాకలేదు. నలునికి మాత్రం నీడ ఉన్నది, మాల వాడినది, చెమట పట్టినది. దమయంతి ఆ లోపాలున్నవానినే వరించింది. మారువేషంలో ఉన్న దివ్యపాత్రను ఇతర ఆటగాళ్ళు కనిపెట్టడానికి ఈ ఐదు లక్షణాలు యథాతథంగా నియమాలుగా పనికివస్తాయి.

కాలగణన మరొకటి. మానవుల ఒక సంవత్సరం దేవతలకు ఒక దినం. ఉత్తరాయణం వారి పగలు, దక్షిణాయనం వారి రాత్రి. కనుక ఒక దివ్యపాత్ర మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి సూర్యాస్తమయానికి తిరిగి వస్తే, భూమిపై మిత్రులకు మూడు నెలలు గడిచిపోతాయి. ముట్టడిలో ఉన్న కోటను విడిచి తల్లిని చూడడానికి వెళ్ళాలా వద్దా అన్నది అప్పుడు నిజమైన ప్రశ్న అవుతుంది.

దేవతలు మానవులపై ఆధారపడినవారు కూడా. యజ్ఞంలోని హవిస్సు వారి ఆహారం. స్వర్గవాసం పుణ్యం ఉన్నంతవరకే, అది తరిగిన జీవుడు తిరిగి భూమికి రావలసిందే. శక్తికి బదులు పుణ్యాన్ని లెక్కించి, వాడినకొద్దీ తగ్గేటట్లు చేస్తే ఆటకు లెక్క కుదురుతుంది.

తిరిగి వెళ్ళలేకపోవడం

దారి తప్పినవాని కథ తెలుగువారికి ప్రీతిపాత్రమైనది. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయాలకు చేరుతాడు. మంచునీటికి లేపం కరిగిపోగా ఇల్లు చేరలేక చిక్కుకుంటాడు. అక్కడ వరూధిని అతనిని వలచి తిరస్కరింపబడింది. ఆమెచేత తిరస్కరింపబడిన గంధర్వుడు ప్రవరుని రూపం ధరించి ఆమెను మోసగిస్తాడు. దేవజాతిలోనూ అసూయ, వంచన ఉంటాయని ఇంత స్పష్టంగా చూపిన కావ్యం అరుదు. పింగళి సూరన కళాపూర్ణోదయం ఈ విషయంలో ఇంకా ముందుకు వెళ్ళినది. అందులో మణికంధరుడనే గంధర్వుడు ప్రధాన పాత్ర. సూరన పురాణ కథను అనుసరించక స్వయంగా కల్పించిన కథ కావడం వలన, ఆట రచయితలు ముందుగా చదవవలసిన కావ్యం ఇదే.

సినిమాలలో ఈ సూత్రం తిరగబడింది. 'జగదేకవీరుని కథ' (1961)లో దేవకన్య వస్త్రం మానవుని చేతికి చిక్కుతుంది. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' (1990)లో ఇంద్రుని కుమార్తె ఇంద్రజ ఉంగరం భూమిపై జారిపోతుంది, అది లేనిదే ఆమెకు స్వర్గప్రవేశం లేదు. ఒక వస్తువు, ఒక గడువు, దానిని దాచిన ఒక మనిషి ఉంటే చాలు, నెలల తరబడి ఆట నడుస్తుంది.

భాష, సంగీతం

ఒక జాతికి సొంత మాటలు ఉంటే అది వెంటనే నిజమనిపిస్తుంది. 'మాయాబజార్' (1957)లో పింగళి నాగేంద్రరావు ఘటోత్కచుని పరివారానికి చేసినది ఇదే. కంబళికి గింబళి, తల్పానికి గిల్పం, మనవారు అసమదీయులు, పగవారు తసమదీయులు, మెచ్చుకోలుకు వీరతాళ్ళు. వ్రేళ్ళమీద లెక్కింపదగిన మాటలతో ఒక జాతి స్వభావం నిలబడింది. వారు దేవతలు కాకున్నా పద్ధతి అనుసరణీయం. 'బాహుబలి' (2015)లోని కాలకేయుల కొరకు మదన్ కార్కి కిలికి అనే భాషనే రూపొందించారు. ఆటల చరిత్రలో ఎం.ఎ.ఆర్. బార్కర్ 1975లో వెలువరించిన టెకుమెల్ లోకం ఇటువంటిది. ఆయన ఉర్దూ బోధనా గ్రంథాలు వ్రాసిన భాషాశాస్త్రవేత్త.

కిన్నరులు గాయకులని ప్రసిద్ధి. తెలంగాణలో కిన్నెర పేరుతో నేటికీ ఒక వాద్యం ఉన్నది. వెదురు, సొరకాయ బుర్రలతో చేసే పన్నెండు మెట్ల కిన్నెరను వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. కిన్నరజాతిని కల్పించేవారు పాశ్చాత్య వీణను వారి చేతికి ఇవ్వవలసిన అవసరం లేదు.

విమర్శలు

దేవతలు ఎందరికో నిత్యపూజ అందుకునేవారు. స్మైట్ అనే కంప్యూటర్ ఆటలో కాళికాదేవిని చిత్రించిన తీరుపై 2012లో అమెరికాలోని హిందువులలో కొందరు నిరసన తెలిపారు. తరువాత ఆ రూపం మార్చబడింది. పూజలందుకునే పేర్లను వదలి, యక్ష, గంధర్వ, సిద్ధుల వంటి గణాల నుండి క్రొత్త వ్యక్తులను కల్పించడం ఇటువంటి చిక్కులను చాలావరకు తప్పిస్తుంది. పుణేకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారి 'రాజీ' (2020)లో దుర్గ, విష్ణువు కథ చెప్పేవారుగా ఉండగా, ఆటగాడు నడిపేది ఒక మానవ బాలికను. హైదరాబాదుకు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో వెలువరించిన 'అసుర' ఆటలో నాయకుడు అసురుడే.

మరొక విమర్శ 'జాతి' అన్న మాటపైనే ఉన్నది. పుట్టుకతోనే ఒక జాతి మంచిది, మరొకటి చెడ్డది అని ఆట నియమాలలో వ్రాయడం తగదన్న వాదన బలపడి, డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 2024 గ్రంథంలో 'రేస్' అన్న పదాన్ని తొలగించి 'స్పీషీస్' అని మార్చారు. తెలుగులో ఈ రెండింటికీ జాతి అనే వాడుక ఉన్నందున కొందరు గణం అన్న మాటను ఎంచుకోవచ్చు. అయితే పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. స్వర్గద్వారం వద్ద ఎవరిని ఆపుతారో, ఏ కారణంతో ఆపుతారో కల్పించేవారే వ్రాయవలసి ఉంటుంది. త్రిశంకుని విషయంలో ఆ కారణం గురుశాపమని ఇంద్రుడు చెప్పినట్లు రామాయణంలో ఉన్నది.