చక్రములమీది ఇల్లు, అడవిలో మజిలీ

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరినప్పుడు పల్లకీయు, బోయీలును, డేరాలును వెంట నుండెను. మజిలీ చేరినప్పుడెల్ల డేరా వేయవలెను, కదలునప్పుడెల్ల విప్పవలెను. ఇల్లే వెంట వచ్చిన నెంత సుఖమని తలపని బాటసారి యుండడు. ఆ కోరిక పడమటి దేశములలో తీరిన విధమును, దానివలన అడవులకు వచ్చిన చిక్కును తెలిసికొనదగినవి.

బ్రిటిషు నౌకాదళమునందు వైద్యుడుగా పనిచేసి విరమించిన విలియం గార్డన్ స్టేబుల్స్ 1885లో ‘వాండరర్’, అనగా సంచారి, అను గుఱ్ఱపుబండిని చేయించుకొని, అందే పడకయు వంటయు అమర్చుకొని, స్కాట్లండువఱకు విహరించెను. జిప్సీలకు బండి బ్రతుకుతెరువు, ఈయనకు వినోదము.

అమెరికాలో మోటారుకారు సామాన్య గృహస్థునకు అందుబాటులోనికి రాగానే ఆ వినోదము జనసామాన్యమునకు ప్రాకెను. 1919లో ఫ్లారిడా రాష్ట్రమందలి టాంపా నగరమున ఇట్టి సంచారులు ‘టిన్ కాన్ టూరిస్టులు’ అను సంఘముగా నేర్పడిరి. 1930 ప్రాంతమున డెట్రాయిట్ నగరవాసి ఆర్థర్ షెర్మన్ కారు వెనుక తగిలించు ఇండ్లను, అనగా ట్రెయిలర్లను, విరివిగా తయారుచేయ నారంభించెను. 1936లో వాలీ బయమ్ అల్యూమినియం రేకులతో నిగనిగలాడు ‘ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్’ను వెలువరించెను.

ఇల్లు సిద్ధమైనది. దిగుటకు చోటు కావలెను గదా! అమెరికాలో అంతర్యుద్ధము సాగుచుండగానే, 1864లో అధ్యక్షుడు లింకన్ యోసెమిటీ లోయను ప్రజల విహారార్థము కాలిఫోర్నియా రాష్ట్రమునకు అప్పగించెను. రాష్ట్రోద్యానములను భావమునకు అది నాంది. పిమ్మట ఆ లోయ 1906లో కేంద్రప్రభుత్వము చేతికి తిరిగివచ్చెను. ఈలోగా ఆండ్రూ హిల్ అను ఛాయాచిత్రకారుడును, ఆయన మిత్రులును చేసిన ఆందోళన ఫలితముగా 1902లో బిగ్ బేసిన్ అను రెడ్‌వుడ్ వనము రాష్ట్రోద్యానముగా రక్షింపబడెను. రెడ్‌వుడ్ వృక్షములలో 100 మీటర్లకు మించి పెరుగునవి కలవు. వేలకొలది సంవత్సరములు బ్రదుకునవియు కలవు.

గొడ్డలినుండి కాపాడిన అట్టి వృక్షములకు ఆదరముతో వచ్చినవారే ముప్పు తెచ్చిరి. కార్లను తోచినచోట చెట్ల మొదళ్ళవఱకు నడిపి, అక్కడనే దిగి, అక్కడనే వండుకొనుచుండిరి. ఇంత ఎత్తైన చెట్టునకు తల్లివేరు లేదు. దాని వేళ్ళు నేలకు అంత లోతున గాక, చుట్టును విస్తరించి యుండును. చక్రములు, పాదములు త్రొక్కగా త్రొక్కగా మన్ను గట్టిపడి, నీరును గాలియు వేళ్ళకు చేరవు. చెట్ల వ్యాధులను పరిశోధించు ఎమీలియో మైనెకీ అను శాస్త్రజ్ఞుడు 1920ల చివర ఈ సంగతిని సప్రమాణముగా చాటెను.

ఆయన యాత్రికులను రావద్దనలేదు. 1932లో విడిదికొక ప్రణాళిక రచించెను. దాని మేరకు బాట ఒకే దిక్కున సాగి చుట్టివచ్చును. దాని ప్రక్కన ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కొక్క చీలిక. పొయ్యియు, బల్లయు కదలని చోట నుండును. కారు దారి తప్పకుండ పెద్ద రాళ్ళును దుంగలును అడ్డము. త్రొక్కిన నేలనే త్రొక్కుదురు, తక్కిన నేల బ్రదుకును.

ఈ పథకమునకు చేతులు వెంటనే దొరకినవి. ఆర్థికమాంద్యమున పనిలేక యున్న యువకులకై అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1933లో సివిలియన్ కన్సర్వేషన్ కోర్ అను దళమును స్థాపించెను. నెలకు 30 డాలర్ల జీతము. అందు 25 ఇంటికే పంపవలెను. 1942వఱకు సుమారు 30 లక్షలమంది అందు పనిచేసిరి. అనేక రాష్ట్రోద్యానములలోని బాటలును, రాతి పొయ్యిలును, బల్లలును వారి చెమట ఫలితములే. నేడు మారుమూల ఉద్యానమున ట్రెయిలరును వెనుకకు నడిపి, నిర్ణీత స్థలమున నిలుపుకొను గృహస్థు ఎఱిగినను ఎఱుగకున్నను మైనెకీ గీసిన గీతలోనే నిలుపుచున్నాడు.

2020 ఆగస్టులో బిగ్ బేసిన్‌ను కార్చిచ్చు చుట్టుముట్టి కట్టడములను దాదాపు అన్నిటిని బూడిదచేసెను. మాడిన రెడ్‌వుడ్ మ్రాకులలో పెక్కు మరల చిగిర్చినవి. 2022లో ఉద్యానము కొంతమేరకు తెఱువబడెను. నిప్పునకు ఓర్చుకొను శక్తి ఆ వృక్షములకు ప్రకృతి యిచ్చినది. మానవుల పాదముల క్రింద నలుగకుండ కాచు భారమును మాత్రము మనకే విడిచినది.