మొదటి పేజీయే ముఖచిత్రం: విల్ ఐస్నర్ ‘ది స్పిరిట్’

కామిక్ కథ తొలి పుటను దాదాపు పూర్తిగా ఆక్రమించే పెద్ద బొమ్మను అమెరికా కామిక్స్ పరిశ్రమలో ‘స్ప్లాష్ పేజీ’ అంటారు. విడిగా అమ్ముడుపోయే కామిక్ పుస్తకంలో పాఠకుణ్ణి ఆకర్షించే పని రంగుల అట్ట చేస్తుంది. లోపలి మొదటి పేజీ కథకు ప్రవేశం కల్పిస్తే చాలు. ఈ రెండు పనులూ ఒకే పేజీ చేయాల్సిన పరిస్థితి 1940లో ఒక చిత్రకారుడికి ఎదురైంది. ఆయన విల్ ఐస్నర్, ఆ కథామాల ‘ది స్పిరిట్’.

ఐస్నర్ 1917 మార్చి 6న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో యూదు వలస కుటుంబంలో పుట్టారు. తండ్రి యిడ్డిష్ నాటకశాలలకు తెరలు చిత్రించేవారు. రంగస్థలం మీద వెలుతురు ఎక్కడ పడాలి, పాత్ర ఎక్కడ నిలబడాలి అన్న దృష్టి తర్వాత కొడుకు బొమ్మల్లోనూ కనిపిస్తుంది. 1936లో ఐస్నర్, జెర్రీ ఐగర్‌తో కలిసి ఒక స్టూడియో పెట్టి, ప్రచురణకర్తలకు పూర్తయిన కామిక్ కథలు తయారుచేసి ఇవ్వడం మొదలుపెట్టారు.

1930ల చివర కామిక్ పుస్తకాలకు పెరిగిన గిరాకీని చూసి, దినపత్రికలు ఆ పాఠకులను తమవైపు తిప్పుకోవాలనుకున్నాయి. ప్రచురణకర్త ఎవరెట్ ఆర్నాల్డ్, రిజిస్టర్ అండ్ ట్రిబ్యూన్ సిండికేట్‌లతో 1939లో ఐస్నర్ ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆదివారం పత్రికతో పాటు ఇచ్చే 16 పేజీల అనుబంధం ఆయన బాధ్యత. ఆ రోజుల్లో అరుదైన విధంగా, పాత్ర మీద హక్కు తనకే దక్కేలా ఆయన షరతు పెట్టుకున్నారు. తొలి సంచిక 1940 జూన్ 2న వచ్చింది. ప్రాభవం ఉన్న కాలంలో సుమారు 20 పత్రికల ద్వారా అది 50 లక్షల ప్రతుల వరకు వెళ్లేది.

కథానాయకుడు డెన్నీ కోల్ట్ అనే డిటెక్టివ్. చనిపోయాడని లోకం నమ్మాక, వైల్డ్‌వుడ్ శ్మశానాన్ని స్థావరం చేసుకుని ‘స్పిరిట్’ పేరుతో నేరస్థులను వేటాడతాడు. వేషధారి వీరుడు కావాలని ఆర్నాల్డ్ కోరితే, ఐస్నర్ ఒప్పుకున్నది కళ్ల చుట్టూ చిన్న ముసుగు, చేతికి తొడుగులు మాత్రమే. మిగతాదంతా మామూలు సూటూ టోపీయే.

అనుబంధానికి విడిగా అట్ట లేదు. దొంతరగా మడిచిన ఆదివారం పత్రికలోంచి బయటికి తీయగానే కనిపించేది స్పిరిట్ కథ మొదటి పేజీయే. పైగా కథ మొత్తానికీ ఉన్నవి సాధారణంగా ఏడు పేజీలు. వాటిలో ఒకదాన్ని ఒకే బొమ్మకు ఇచ్చేస్తే మిగిలేవి ఆరు. అందుకే ఆ బొమ్మ ఉత్త అలంకారంగా ఉంటే సరిపోదు. ఊరు, వేళ, వాతావరణం, రాబోయే ప్రమాదం అన్నీ అక్కడే తెలియాలి. ఐస్నర్ మొదటి పేజీలకు నాటకీయత చాలావరకు ఈ ఇరుకులోంచే వచ్చింది.

1942లో ఐస్నర్ సైన్యంలో చేరాక లూ ఫైన్, జాక్ కోల్ వంటి ఇతర చిత్రకారులు కథను నడిపారు. 1945 చివర ఆయన తిరిగొచ్చిన తర్వాతి అయిదారేళ్ల పేజీలే ఎక్కువ పేరు పొందాయి.

వాటిలో ముందుగా చెప్పుకోవలసింది శీర్షిక. ధారావాహిక పేరును ప్రతిసారీ ఒకే తీరు అక్షరాల్లో అచ్చువేసి పాఠకుడికి గుర్తుండేలా చేయడం వ్యాపార సంప్రదాయం. ఐస్నర్ దాన్ని పక్కనపెట్టి, పేరును బొమ్మలోని వస్తువుగా మార్చారు. ‘స్పిరిట్’ అన్న అక్షరాలు ఒక వారం వీధిలో ఆకాశాన్నంటే భవనాలవుతాయి, మరో వారం మురుగునీటిలో కొట్టుకుపోయే కాగితపు ముక్కలవుతాయి. పేరు ఎక్కడుందో వెతుకుతూ పాఠకుడి చూపు బొమ్మంతా తిరుగుతుంది. ఆ తిరుగుడులోనే కథకు కావలసిన ఆనవాళ్లు కంటబడతాయి.

రెండోది దృష్టికోణం, వెలుతురు. మేడ మీదినుంచి వీధిలోకి, లేదా నేల మట్టం నుంచి పైకి చూస్తున్నట్టు ఆయన దృశ్యాన్ని అమర్చేవారు. కుంచెతో వేసిన చిక్కటి నల్లసిరా నీడల మధ్య ఒక్క దీపమో కిటికీయో వెలుగుతుంది. మూకీల కాలపు జర్మన్ చిత్రాల్లోనూ నేరకథా చిత్రాల్లోనూ కనిపించే వెలుగునీడల పద్ధతి ఇది. రేవు మెట్ల మీదా ఇరుకు సందుల్లోనూ కుండపోతగా కురిసే ఆయన వానకు తోటి చిత్రకారుడు హార్వీ కర్ట్‌జ్‌మన్ ‘ఐస్నర్‌ష్ప్రిట్జ్’ అని సరదాగా పేరు పెట్టారు.

మూడోది పాఠకుణ్ణి నేరుగా పలకరించడం. 1946 అక్టోబర్ 6 నాటి సంచికలో పీజెల్ అనే మాయలాడి తొలిసారి కనిపిస్తుంది. మొదటి పేజీలోనే పాఠకుడివైపు చూస్తూ తన పేరు చెప్పుకుని, ఇది చిన్నపిల్లల కథ కాదని హెచ్చరిస్తుంది. ఆదివారం పత్రిక ఇంటిల్లిపాదీ చదివేది. కామిక్స్‌కు పెద్దల్లోనూ పాఠకులున్నారని ఐస్నర్ గ్రహించారనడానికి ఈ పేజీ సాక్ష్యం.

వారం వారం ఇంత పని ఒక్కరివల్ల అయ్యేది కాదు. జెర్రీ గ్రాండెనెట్టి నేపథ్యాలు గీశారు. ఏబ్ కేనెగ్సన్ అక్షరాలు రాశారు. 1946లో కుర్రవాడిగా చేరిన జూల్స్ ఫైఫర్ క్రమంగా కథారచనలో తోడయ్యారు. 1950 తర్వాత ఐస్నర్ దృష్టి బోధనాపరమైన బొమ్మల పనులవైపు మళ్లింది. 1952 అక్టోబర్ 5తో ‘ది స్పిరిట్’ ఆగిపోయింది.

1965లో ఫైఫర్ తన కామిక్స్ చరిత్ర పుస్తకంలో ఈ కథలను తలచుకున్నారు. 1966లో హార్వీ, 1974 నుంచి వారెన్ సంస్థలు పునర్ముద్రించాయి. కొత్త ప్రచురణల్లో అట్టలు వచ్చి చేరడంతో పాత మొదటి పేజీలు లోపలికి జరిగాయి. అయినా వాటి పద్ధతి ఐస్నర్‌ను వదల్లేదు. 1978 నాటి ఆయన పుస్తకం ‘ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్’ ఆరంభంలోనూ జోరువానలో అక్షరాలు దృశ్యంలో భాగమయ్యాయి. న్యూయార్క్‌లోని స్కూల్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్‌లో పాఠాలు చెప్పిన అనుభవంతో 1985లో వెలువరించిన ‘కామిక్స్ అండ్ సీక్వెన్షియల్ ఆర్ట్’ పుస్తకంలో, అక్షరాలను బొమ్మగా వాడే తీరునూ, మొదటి పేజీ కథకు వేయాల్సిన పునాదినీ తన పాత పేజీలతోనే వివరించారు. ఆదివారం అనుబంధం అవసరం కొద్దీ పుట్టిన పద్ధతి అలా పాఠ్యాంశంగా స్థిరపడింది.