విప్పి మళ్లీ కట్టుకునే ఇల్లు: తాండా నుంచి పాశమైలారం దాకా



పటాన్‌చెరు, పాశమైలారం, సదాశివపేట అనగానే మనకు కంపెనీలు, షిఫ్టులు, పొగ గుర్తుకొస్తాయి. నారాయణఖేడ్, కంగ్టి, జహీరాబాద్ దిక్కు తాండాల నుంచి మనోళ్లు ఎంతోమంది అక్కడికే పనికి పోతారు. అక్కడ తయారయ్యే ఒక వస్తువుకూ మన చరిత్రకూ సంబంధం ఉంది. బోల్టులు విప్పితే ముక్కలుగా ఊడొచ్చి, ఇంకోచోట మళ్లీ నిలబడే కట్టడం అది.

మన బంజారా పూర్వీకులు లదేణి చేసినవాళ్లు. ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని దక్కన్ అంతా తిరిగారు. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచ్ వర్తకుడు టావెర్నియే, పది పన్నెండు వేల ఎద్దుల బిడారులను చూసి రాసిపెట్టాడు. వీళ్లకు ఇండ్లు లేవు, గుడారాల్లో ఉంటారు అన్నాడు. మనోళ్లు ఆ గుడారాన్ని పాల్ అంటారు. ఇల్లు లేక కాదు, వాళ్ల ఇల్లే అది. ఎద్దు మోసేంత బరువే ఉండాలి, ముడి వేస్తే నిలబడాలి, ముడి విప్పితే మడతపడాలి. ఇయ్యాల ఇంజనీరింగ్ కాలేజీల్లో 'విప్పడానికి వీలుగా డిజైన్ చేయడం' అని కొత్త పాఠంలా చెప్తున్నది ఇదే లెక్క.

మొగల్ సైన్యం దక్కన్‌కు వచ్చినప్పుడు ఆసఫ్ ఖాన్ వెంట భంగీ, జంగీ నాయకులు ఎద్దులతో ధాన్యం మోశారని మన పెద్దలు చెప్పుకుంటారు. దారిలో కుండల్లో నీళ్లు, ఇంటి కప్పు మీది గడ్డి తీసుకునే హక్కు వాళ్లకు ఇచ్చారట. నిజమెంతైనా, ఆ మాటలో ఒక సంగతి దాగుంది. అప్పటి కప్పు అవసరమైతే పశువుకు మేత. ఇల్లు విరిగితే చెత్త మిగిలేది కాదు.

తర్వాత రోడ్లు, రైళ్లు వచ్చాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. ఎద్దుల మీది సరుకు డబ్బాల్లోకి ఎక్కింది, లదేణి సచ్చిపోయింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం తిరిగే జాతులను అనుమానంగా చూసింది. మనోళ్లు అడవి అంచుల్లో తాండాలు కట్టుకుని ఆగిపోయారు. అయినా ఆ గుడిసెలు కూడా విప్పుకునేవే. వాసాలు, దూలం, గూన పెంకులు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోయేవి. మట్టి గోడను నానబెట్టి తొక్కితే మళ్లీ గోడే.

ఇదే కాలంలో లండన్‌లో ఏమైందో చూడండి. 1851లో హైడ్ పార్కులో ఇనుము, గాజుతో క్రిస్టల్ ప్యాలెస్ కట్టారు. ప్రదర్శన అయిపోగానే విప్పి సిడెన్‌హామ్‌కు తరలించి, 1854 నాటికి ఇంకా పెద్దగా నిలబెట్టారు. లోకమంతా అబ్బురపడింది. గుడారం విప్పి కట్టేవాడు అనుమానితుడయ్యాడు, ఇనుప మహల్ విప్పి కట్టినవాడు గొప్పవాడయ్యాడు.

ఇప్పుడు మన బెల్టుకు వద్దాం. కువైట్‌కు చెందిన అల్‌ఘానిమ్ గ్రూపు కిర్బీ కంపెనీ 2000 ప్రాంతంలో పాశమైలారంలో ఇనుప కట్టడాల ఫ్యాక్టరీ పెట్టింది. పెన్నార్ వాళ్లు 2010లో సదాశివపేట దగ్గర అదే పని మొదలుపెట్టారు. పని ఎట్లుంటదంటే, ప్లేట్లు కోసి వెల్డింగ్ చేసి స్తంభాలు, దూలాలు ఫ్యాక్టరీలోనే చేస్తారు. ప్రతి ముక్కకూ నంబరు వేస్తారు. సైటులో గట్టి బోల్టులతో బిగిస్తారు, పైన రేకులు స్క్రూలతో పరుస్తారు. ఎక్కించిన వరుసకు తలకిందులుగా దించితే షెడ్డు మళ్లీ ముక్కలవుతుంది.

అట్లని ఇనుప షెడ్డు అంటేనే పర్యావరణానికి మంచిదని కాదు. ఉక్కు తయారీకి బొగ్గు చాలా కాలుతుంది. రేకుకు పడ్డ బొక్కలు రెండోసారి కారుతాయి, పునాది కాంక్రీటు అక్కడే మిగులుతుంది. డ్రాయింగులు పోతే ఆ దూలం ఎంత బరువు మోస్తదో ఎవరికీ తెలియదు. అప్పుడు మంచి దూలం కూడా తుక్కు కింద కిలోల లెక్కన పోతుంది.

మరి మన తాండాలు? స్లాబు ఇల్లు మన తల్లిదండ్రుల కల, అందులో తప్పు లేదు. కారే గుడిసెలో ఉన్నోళ్లకు దాని విలువ తెలుసు. కానీ కూల్చినప్పుడు ఏం దక్కుతుంది? డంగుసున్నంతో కట్టిన గోడను తడితే ఇటుక నిండుగా వస్తుంది, ఎందుకంటే సున్నం ఇటుక కన్నా మెత్తన. సిమెంటు ఇటుకను పట్టుకుని విరగ్గొడుతుంది. హైదరాబాద్‌లో ఆ శిథిలాలను పొడిచేసి ఇసుక, కంకర తీయడానికి 2020లో జీడిమెట్లలో రోజుకు 500 టన్నుల ప్లాంటు పెట్టారు. తాండాలో ఆ శిథిలం పోయేది వాగులోకో, కుంటలోకో. ఆ నీళ్లు తాగేది మన పశువులే.

గుడిసెలకు తిరిగి పోదామని మేము అనడం లేదు. గట్టి ఇల్లే కావాలి, కానీ తలుపు, కిటికీ, కప్పు, ఇటుక మన పిల్లలకు మళ్లీ పనికొచ్చేలా కట్టుకోవాలి. సివిల్, ఐటీఐ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ ఫ్యాక్టరీల్లో లోడింగు పనికే కాదు, డ్రాయింగు బల్ల దగ్గరికీ మనం పోవాలి. ఈ సెలవుల్లో మీ తాండాలో పాత ఇల్లు ఇప్పేటప్పుడు పక్కన నిలబడండి. ఏ కట్టె ఎక్కడ దూరింది, ఏ ముడి ముందు విప్పారు, పెద్దవాళ్లను అడిగి రాసుకోండి, ఫొటోలు తీయండి. ఆ తెలివి ఉన్నవాళ్లు ఇప్పటికే ముసలివాళ్లయ్యారు.