పేరు పెట్టి పిలిచేవాళ్ళు

2009 అక్టోబరులో డేనియల్ గ్లూసెన్‌క్యాంప్ అనే పర్యావరణ శాస్త్రవేత్త గోల్డెన్ గేట్ వంతెన దాటి శాన్ ఫ్రాన్సిస్కోలోకి కారులో వస్తున్నాడు. వంతెన దక్షిణపు కొసన డాయిల్ డ్రైవ్ అనే పాత రోడ్డును తిరగకట్టే పనులు నడుస్తున్నాయి. అందుకోసం చెట్లూ తుప్పలూ కొట్టేయడంతో, రోడ్ల మధ్య చిక్కుకున్న చిన్న మట్టిదిబ్బ ఒకటి బయటపడింది. దాని మీద నేలకు కరుచుకుని పాకిన పొద. రోజూ వేలమంది ఆ దారినే పోతారు, కానీ ఆ పొద ఈయన కంట్లో పడింది. అనుమానం వచ్చి తోటివాళ్ళకు చెప్పాడు. వెళ్ళి పరిశీలిస్తే అది ఫ్రాన్సిస్కన్ మంజనీటా. 1947 తర్వాత తోటల్లో తప్ప బయట ఎక్కడా ఎవరికీ కనబడని మొక్క.

అంతరించిన మొక్క దొరికిందని పత్రికలు రాశాయి. అంతకంటే పెద్ద వింత ఇంకోటుంది. 62 ఏళ్ళుగా సహజంగా పెరుగుతుండగా ఎవరూ చూడని పొదను పోతున్న కారులోంచి ఒక మనిషి ఎలా పోల్చుకోగలిగాడు? ఆయన కళ్ళు చురుకైనవే, సందేహం లేదు. కానీ ఆ చూపు వెనక వందేళ్ళకు పైబడిన కథ ఉంది. ఆ మొక్క పేరును ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ ఇక్కడిదాకా మోసుకొచ్చినవాళ్ళ కథ.

శాన్ ఫ్రాన్సిస్కో పడమటి వైపు ఒకప్పుడు అంతా ఇసుకదిబ్బలు. పొగమంచు, సముద్రపు గాలి, ఆ గాలికి తలవంచి బతకడం నేర్చిన పొట్టి మొక్కలు. 1870లలో నగరం ఆ ఇసుక మీద పార్కు కట్టడానికి పూనుకుంది. విలియం హేమండ్ హాల్ రూపకల్పన చేశాడు, జాన్ మెక్‌లారెన్ 1887 నుంచి 1943లో చనిపోయేదాకా దాని బాగోగులు చూశాడు. వెయ్యి ఎకరాలకు పైబడిన గోల్డెన్ గేట్ పార్కు అలా పుట్టింది. ఇసుకను కదలకుండా పట్టి ఉంచడానికి గడ్డి, గాలిని ఆపడానికి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన యూకలిప్టస్. మన దగ్గర జామాయిల్ అంటామే, ఆ బాపతు చెట్టే. పక్కనున్న ప్రెసిడియో సైనిక స్థావరంలోనూ సైన్యం ఇలాగే వరసలు కట్టి చెట్లు నాటింది.

ఆ పార్కు అందమైనదే. ఇప్పటికీ జనం దాన్ని ప్రేమిస్తారు. కాకపోతే ఇక్కడొక చేదు నిజం ఉంది. పార్కు వచ్చినచోట పచ్చదనం పెరిగింది, అక్కడి మొక్కలు మాత్రం పోయాయి. దిబ్బల చుట్టూ ఇళ్ళూ రోడ్లూ వచ్చాక మిగిలినవీ పోయాయి. ఆ ఇసుక మొక్కలనే నమ్ముకున్న జెర్సీస్ బ్లూ అనే చిన్న నీలి సీతాకోకచిలుక 1940ల మొదట్లో ఆఖరుసారి కనబడింది. నగరం పెరగడంవల్ల అమెరికాలో అంతరించిన మొదటి సీతాకోకచిలుకగా దాన్నే చెప్పుకుంటారు.

మంజనీటా అంటే స్పానిష్‌లో బుల్లి ఆపిల్. కాయలు అలా ఉంటాయి. ఎర్రటి బెరడు, చిన్న కుండల్లాంటి పూలు. కాలిఫోర్నియాలో దీనికి చాలా జాతులున్నాయి. నగరంలోని రాతి గుట్టల మీద పెరిగే ఒకదాన్ని విడిగా గుర్తించి 1905లో ఫ్రాన్సిస్కానా అని పేరు పెట్టింది ఆలిస్ ఈస్ట్‌వుడ్. కాలేజీ చదువు లేదు, డెన్వర్‌లో స్కూలు టీచరుగా పనిచేస్తూ వృక్షశాస్త్రం సొంతంగా నేర్చుకుంది. తర్వాత కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో వృక్ష విభాగానికి అధిపతి అయింది.

ఒక జాతికి మొదటిసారి పేరు పెట్టేటప్పుడు ఆధారంగా తీసుకున్న ఎండు కొమ్మను టైప్ స్పెసిమెన్ అంటారు. ఆ మొక్క ఏదని తగవొస్తే సాక్ష్యం చెప్పేది అదే. అప్పటి అలవాటు ప్రకారం వాటిని మామూలు నమూనాల్లో కలిపేసి ఉంచేవాళ్ళు. ఈస్ట్‌వుడ్ విడిగా పెట్టుకుంది. 1906 ఏప్రిల్‌లో భూకంపం వచ్చి, వెనకే మంటలు అంటుకున్నప్పుడు, కూలిన మెట్లకు మిగిలిన ఇనప కటకటాలు పట్టుకుని పై అంతస్తుకు ఎక్కింది. 1,497 నమూనాలను కిందికి దించగలిగింది. సొంత సామాన్లు దాదాపు అన్నీ పోయాయి.

పేరైతే నిలిచింది. మొక్కకే చోటు తగ్గుతూ వచ్చింది. దానికి దొరికిన ఆఖరి ఆశ్రయాల్లో ఒకటి శ్మశానం. 1854లో మొదలైన లారెల్ హిల్ శ్మశానవాటికలో సమాధుల మధ్య, ఎవరూ దున్నని ఎవరూ కట్టని జాగాల్లో అది బతికింది. మనవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. ఊరంతా పొలాలూ ప్లాట్లూ అయిపోయినా శ్మశానంలోనో, గుడి వెనక దేవుడి వనంలోనో పాత చెట్లు మిగలడం చూస్తూనే ఉంటాం. కానీ శాన్ ఫ్రాన్సిస్కోలో భూమి ధర పెరిగేకొద్దీ చనిపోయినవాళ్ళకూ చోటు లేకుండా పోయింది. వేల సమాధులను తవ్వి ఊరి బయట కోల్మాకు తరలించారు. 1947 నాటికి ఇళ్ళ కోసం బుల్డోజర్లు దిగాయి. కొందరు మొక్కల ప్రేమికులు వాటికంటే కాస్త ముందు వెళ్ళి, దొరికినంత వేళ్ళతో పెకలించి తెచ్చుకున్నారు. వాటి సంతతి కొన్ని తోటల్లో బతికింది. బర్క్‌లీ కొండల్లోని టిల్డెన్ పార్కులో ఉన్న బొటానిక్ గార్డెన్ వాటిలో ఒకటి.

ఆ తోటను 1940లో జేమ్స్ రూఫ్ మొదలుపెట్టాడు. కాలిఫోర్నియా సొంత మొక్కలే ఉండాలన్నది నియమం. రాష్ట్రమంతా తిరిగి తెచ్చి నాటాడు. 1960ల మొదట్లో పార్కుల యంత్రాంగం దాన్ని వేరేచోటికి మార్చాలనుకుంది. కాగితం మీద ఇది చిన్న సంగతే, ఈ తోట తీసి ఆ జాగాలో పెట్టడం. కానీ ఇరవై ఏళ్ళకు పైగా వేరూనిన చెట్టును కుర్చీలా జరపలేం. ఆ మాట చెప్పడానికి యూనివర్సిటీ ప్రొఫెసర్లూ, ఇరుగుపొరుగు జనమూ ఏకమయ్యారు. తోట కదల్లేదు.

గెలిచాక సాధారణంగా ఇలాంటి గుంపులు చెదిరిపోతాయి. వీళ్ళు విడిపోకుండా 1965లో కాలిఫోర్నియా నేటివ్ ప్లాంట్ సొసైటీ పెట్టుకున్నారు. పరిణామ సిద్ధాంతంలో పెద్ద పేరున్న జన్యుశాస్త్రవేత్త లెడ్యార్డ్ స్టెబిన్స్ తొలినాళ్ళలో దానికి అధ్యక్షుడు. ఊరూరా శాఖలు, విరాళాలు, స్వచ్ఛంద సేవ. సెలవురోజు పార్కుల్లో కలుపు పీకడం, కొండల వెంట మొక్కలు చూపిస్తూ నడిపించడం, వానాకాలానికి ముందు నారు అమ్మకాలు. అన్నింటికంటే ముఖ్యమైనది, పైకి ఎవరికీ కనబడనిది, జాబితా రాయడం. ఏ అరుదైన మొక్క ఎక్కడుంది, ఎంత మిగిలింది అని వివరాలు పోగుచేసి 1974లో మొదటి పుస్తకం వేశారు. 1977లో అరుదైన మొక్కల రక్షణకు రాష్ట్రం చట్టం చేసింది. ఒక మొక్క ఉందని రాసిపెట్టి ఉంటేనే అది పోయిందని అడగడానికి వీలుంటుంది.

ఇక డాయిల్ డ్రైవ్ పొద సంగతి. రోడ్డు ఆగలేదు. 2010 జనవరిలో పెద్ద మట్టిగడ్డతో సహా పొదను పెకలించి, ప్రెసిడియోలోనే రహస్యంగా ఉంచిన చోటికి తరలించారు. తరలింపుకీ తర్వాతి సంరక్షణకీ 2 లక్షల డాలర్లకు పైగా కేటాయించారని తెలిశాక విమర్శలు వచ్చాయి. నర్సరీలో కొన్ని డాలర్లకు దొరికే మొక్కకు ఇంత ఖర్చా అని.

ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. నర్సరీల్లో ఉన్నదీ ఆ జాతే. కానీ అవి కాపాడిన కొద్ది మొక్కల కొమ్మలనుంచి తీసిన నకళ్ళు. ఒక కుటుంబం ఫోటో లక్ష కాపీలు తీసినా కుటుంబంలో మనుషులు పెరగరు కదా. రోడ్డు మధ్య బతికిన పొద ఆ నకళ్ళలో లేని జన్యువులను మోస్తూ ఉండొచ్చు. జాతి మళ్ళీ గింజ కట్టి తరాలు సాగాలంటే ఆ తేడానే కావాలి. అయినా పొదను ఉన్నచోట ఉంచి రోడ్డును జరిపే మాట నెగ్గలేదు. టిల్డెన్‌లో గెలిచిన వాదం ఇక్కడ ఓడింది. 2012లో కేంద్ర ప్రభుత్వం దీన్ని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. కొన్నేళ్ళకు గ్లూసెన్‌క్యాంప్ ఆ నేటివ్ ప్లాంట్ సొసైటీకే ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ అయ్యాడు.

'స్థానికం' అన్న మాటకు ఒక చిక్కుంది. వలసపోయి ఫ్రీమాంట్ పెరట్లో కరివేపాకు పెంచుకునే తెలుగువాళ్ళకు అది కాస్త గుచ్చుకోవచ్చు కూడా. బతుకమ్మలో తంగేడు మన నేలది. బంతి మెక్సికో వైపునుంచి వచ్చింది. ఎవరూ దాన్ని తీసేయమనరు, అనక్కర్లేదు. వచ్చిన మొక్కను ద్వేషించమని ఈ చరిత్ర చెప్పడం లేదు. ఉన్న మొక్కకు చోటు మిగల్చమంటోంది. హైదరాబాద్‌లో పచ్చదనం పేరిట కోనోకార్పస్ వరసలుగా నాటి, తర్వాత వద్దనుకున్నాం. ఆ వరసలు వచ్చినచోట ముందు ఏముండేదో చెప్పగలిగేవాళ్ళు ఎందరున్నారు?

శేషాచలం కొండల ఎర్రచందనం స్మగ్లర్ల పుణ్యమా అని, సినిమా పుణ్యమా అని అందరికీ తెలుసు. ఆ కొండల చుట్టుపక్కలే, ప్రపంచంలో ఇంకెక్కడా లేకుండా పెరిగే సైకాస్ బెడ్డోమీ అనే మొక్క ఉంది. అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం అత్యంత కఠినమైన జాబితాలో పెట్టి కాపాడుతున్న మొక్క. తిరుమలకు ఏటా కోట్లమంది వెళ్ళొస్తారు. బస్సు కిటికీలోంచి దాన్ని చూసి పేరు చెప్పగలిగేవాళ్ళు వాళ్ళలో కొందరైనా ఉండాలి. అలాంటివాళ్ళు తయారవడానికి కాలిఫోర్నియాలో వందేళ్ళు పట్టింది, ఒక శ్మశానం పోయింది.