జియొలైట్లు – అయాన్ వినిమయం, లోహ శోషణం

జియొలైట్లు సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్‌లతో అల్లుకున్న రంధ్రమయ ఖనిజ స్ఫటికాలు. సిలికాన్ చోట అల్యూమినియం చేరినప్పుడల్లా ఆ అల్లికలో ఒక రుణావేశం మిగులుతుంది. దాన్ని సరితూచేందుకు సోడియం, పొటాషియం, కాల్షియం అయాన్లు రంధ్రాల్లో వదులుగా నిలుస్తాయి. సీసం, జింకు వంటి లోహాలున్న నీరు తగిలితే ఆ అయాన్లు బయటికి వచ్చి ఈ లోహాలకు చోటిస్తాయి. ఇదే అయాన్ వినిమయం. పరిశ్రమల వ్యర్థజలంతో బాధపడిన, హైదరాబాద్ దగ్గరి భానూర్, పటాన్‌చెరు ప్రాంతానికి ఇది దగ్గరి విషయం.

ఈ ఖనిజాలను 1756లో స్వీడన్ ఖనిజ శాస్త్రజ్ఞుడు క్రాన్‌స్టెట్ గుర్తించాడు. వేడిచేస్తే రాయి పొంగి ఆవిరి వదలడం ఆయన చూశాడు. వినిమయం సంగతి మాత్రం ముందుగా పొలం మట్టిలోనే తెలిసింది. అమోనియా లవణాల ద్రావణాన్ని మట్టిలోంచి పంపితే అమోనియా అక్కడే ఆగి, దానికి బదులుగా సున్నం కిందికి దిగుతోందని 1850లో ఇంగ్లండులో థామస్ వే నిరూపించాడు. జియొలైట్లలోనూ ఇదే జరుగుతుందనీ, మార్పిడిని వెనక్కి తిప్పవచ్చనీ 1858లో ఐకార్న్ అనే శాస్త్రజ్ఞుడు చూపాడు. 20వ శతాబ్ది తొలినాళ్లలో జర్మనీలో రాబర్ట్ గాన్స్ కఠిన జలాన్ని మృదువుగా మార్చడానికి కృత్రిమ జియొలైట్లు వాడాడు. శాస్త్రజ్ఞులు బారర్, మిల్టన్‌ల ప్రయోగశాలల్లో రూపొందిన స్ఫటికాలు 1950లలో పరిశ్రమలకు చేరాయి. 2011 ఫుకుషిమా ప్రమాదం తర్వాత కలుషిత జలంలోని రేడియోధార్మిక సీసియంను పట్టడానికి జియొలైట్లను కూడా వాడారు.

వే చూసిన గుణం పటాన్‌చెరు నేలలోనూ ఉంది. 1972లో ఏర్పడిన వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆవరణలో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. రేగడిలోని మాంట్‌మోరిల్లోనైట్ జియొలైట్ కాదు, పొరలు పొరలుగా ఉండే బంకమట్టి ఖనిజం. అయినా అయాన్లను మార్చుకునే సూత్రం అదే. ఎర్రనేలకు ఆ శక్తి చాలా తక్కువ. దక్కన్ లావా రాళ్ల బొరియల్లో అసలు జియొలైట్లయిన స్టిల్‌బైట్, హ్యూలాండైట్ దొరుకుతాయి. వాటికి పేరుపొందినవి మహారాష్ట్రలోని పుణె, నాసిక్ ప్రాంతాలు.

1970ల నుంచి పెరిగిన పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలం నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీర వైపు సాగింది. 1990లో ఈ కాలుష్యంపై వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. తర్వాత ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఇక్కడి మట్టిలో క్రోమియం, ఆర్సెనిక్, జింకు, రాగి ఎక్కువగా ఉన్నాయని 2001లో ప్రకటించారు.

ఈ నాలుగింటినీ జియొలైట్ ఒకేలా పట్టదు. రాగి, జింకు ధనావేశ అయాన్లు కనుక రంధ్రాల్లోకి వస్తాయి. ఆరు సంయోజకత గల క్రోమియం, ఆర్సెనిక్ నీటిలో ఎక్కువగా రుణావేశంతో ఉంటాయి. రుణావేశమే ఉన్న అల్లిక వాటిని దూరం పెడుతుంది. మరో చిక్కు ఉప్పు. మందుల పరిశ్రమల నీటిలో కరిగిన లవణాలు ఎక్కువ. లీటరులో గ్రాముల కొద్దీ సోడియం ఉన్నప్పుడు మిల్లీగ్రాముల్లో ఉన్న లోహాలకు చోటు దొరకడం కష్టం. 2007లో ఉమ్మడి కేంద్రం నుంచి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉన్నట్టు స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. అంత పెద్ద అణువు ఇరుకు రంధ్రాల సహజ జియొలైట్‌లో ఇమడదు.

కాబట్టి అన్ని వ్యర్థాలూ కలిసిపోయిన చివరి తూము దగ్గర జియొలైట్ పెట్టడం వృథా ఖర్చు. లోహపు పూత వేసే కర్మాగారంలో కడిగిన నీరు వేరే నీటితో కలవకముందే దాన్ని జియొలైట్ గుండా పంపాలి. అక్కడ లవణాలు తక్కువ, ఏ లోహం ఉందో కూడా ముందే తెలుస్తుంది. నిండిన జియొలైట్‌ను ఉప్పునీటితో కడిగి మళ్లీ వాడవచ్చు. కడిగిన నీటిలో చేరిన లోహాన్ని వేరుచేయాలి. ఇక పనికిరాని జియొలైట్‌ను ప్రమాదకర వ్యర్థంగా లెక్కగట్టి, దుండిగల్‌లో ఉన్నటువంటి భద్రమైన నిల్వ కేంద్రానికే పంపాలి.