చందవరం బౌద్ధ ఫలకం: అపహరణ, పునరాగమనం

చందవరం బౌద్ధ ఫలకం ప్రకాశం జిల్లా దొనకొండ మండలంలోని చందవరం నుంచి దొంగలపాలై, న్యూయార్కు మీదుగా ఆస్ట్రేలియా చేరి, 2016లో భారతదేశానికి తిరిగివచ్చిన సున్నపురాతి శిల్పం. క్రీ.శ. 3వ శతాబ్దికి చెందిన ఈ పలక ఇంచుమించు మీటరు ఎత్తు, మీటరు వెడల్పు ఉంటుంది.

గుండ్లకమ్మ తీరాన కొండమీద ఉన్న చందవరం స్తూపాన్ని 1964లో వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గుర్తించగా, 1972–77 మధ్య అక్కడ తవ్వకాలు జరిగాయి. ధాతువులపై, అంటే బుద్ధుని లేదా భిక్షువుల అస్థికలపై, కట్టిన అర్ధగోళాకార నిర్మాణమే స్తూపం. ఆంధ్రదేశంలో దాని ఇటుక కట్టడానికి చెక్కిన సున్నపురాతి పలకలను తాపడం చేసేవారు. పురాతన అవశేషాలన్నీ సులువుగా తరలించదగినవి కావు: ఉదాహరణకు, హైదరాబాదులోని చైతన్యపురిలో మూసీ ఒడ్డున ఉన్న విష్ణుకుండి రాజు గోవిందవర్మ ప్రాకృత శాసనం కొండరాతిపైనే చెక్కినది కనుక చోటు కదలదు. ఇటుకలు శిథిలమై ఊడివచ్చిన స్తూప ఫలకాలను మాత్రం నలుగురు మనుషులు, ఒక బండి ఉంటే తరలించవచ్చు. చందవరంలో 2000–2001లో పలుమార్లు దొంగతనాలు జరిగాయి.

1976లో అమల్లోకి వచ్చిన 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పాలను ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయరాదు. అందువల్ల దొంగసొత్తును విదేశంలో అమ్మదలచినవారు అది ఏనాడో దేశం దాటిందని చూపే యాజమాన్య చరిత్రను, అంటే ఎవరి నుంచి ఎవరికి చేరిందో తెలిపే కాగితాలను, పుట్టించవలసి వస్తుంది. ఈ అక్రమ వ్యాపారానికి ఆయువుపట్టు ఆ కాగితాలే. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ కళా ప్రదర్శనశాల 2005లో న్యూయార్కు వ్యాపారి నాన్సీ వీనర్ నుంచి 5,95,000 అమెరికా డాలర్లకు ఈ ఫలకాన్ని కొన్నది.

అపరాధ పరిశోధక నవలల్లో కథ ముడి దొంగ పట్టుబడటంతో విడుతుంది; ఇక్కడ మాత్రం శిల్పం స్వదేశంలో ఉన్నప్పటి ఛాయాచిత్రాలు బయటపడటంతో విక్రేత వీనర్ చూపిన యాజమాన్య చరిత్ర నిలవలేదు. తవ్వకాల్లో దొరికిన ప్రతి రాతికీ ఫొటో, వివరాల నమోదు ఎంత అవసరమో ఇంతకన్నా బలంగా చెప్పే ఉదాహరణ తెలుగునాట అరుదు. 2016 సెప్టెంబరులో కాన్‌బెర్రాలో ఈ ఫలకాన్ని, తమిళనాడుకు చెందిన ప్రత్యంగిర దేవి విగ్రహంతో పాటు, భారత ప్రభుత్వానికి అప్పగించారు. అదే ఏడాది డిసెంబరులో న్యూయార్కులో అరెస్టయిన వీనర్ 2021లో చోరీ పురావస్తువుల వ్యాపారానికి సంబంధించిన నేరాలను అంగీకరిస్తూ, పూర్వచరిత్ర సరిగా లేని వస్తువుల క్రయవిక్రయాలు దశాబ్దాలుగా ఆ విపణిలో మామూలేనని న్యాయస్థానంలో చెప్పింది.