ఈ పెట్టె మీరే సర్దుకున్నారా?

ఇండియా ప్రయాణాల్లో ఆరితేరిన మన పాతకాపులకు ఈ ప్రశ్న బాగా గుర్తుండే ఉంటుంది. "ఈ పెట్టె మీరే సర్దుకున్నారా? తెలియనివారెవరైనా ఏమైనా ఇచ్చారా?" అని అమెరికాలో విమానసంస్థల కౌంటర్ల దగ్గర 2002 వరకు అడిగేవారు. మనం ప్రశ్న పూర్తికాకుండానే తల అడ్డంగా ఊపేసేవాళ్ళం. ఆ ప్రశ్న విలువ తెలియాలంటే రెండు విమానాల కథ తెలుసుకోవాలి.

1985 జూన్ 22న కెనడాలోని వాంకూవర్ విమానాశ్రయంలో ఒక వ్యక్తి తన పెట్టెను నేరుగా ఢిల్లీ దాకా పంపమని పట్టుబట్టాడు. టొరంటో నుంచి అతనికి సీటు ఖాయం కాలేదు కాబట్టి అలా పంపకూడదు. కౌంటరులోని ఉద్యోగిని మొదట కుదరదంది. వెనుక క్యూ పెరుగుతోంది, అతను వాదన ఆపడం లేదు. చివరికి ఆమె సరేనంది. పెట్టె వెళ్ళింది, మనిషి మాత్రం విమానం ఎక్కలేదు.

టొరంటోలో సామాను తనిఖీచేసే ఎక్స్-రే యంత్రం మధ్యలో చెడిపోయింది. మిగిలిన పెట్టెలను చేతిలో పట్టుకునే ఒక పరికరంతో చూశారు. ఒక పెట్టె దగ్గర అది సన్నగా మోగింది. తమకు చూపించినప్పుడు మోగినంత గట్టిగా లేదని సిబ్బంది దాన్ని వదిలేశారు. వారు అరకొర శిక్షణతో పనిచేస్తున్న ప్రైవేటు కంపెనీ ఉద్యోగులు. మర్నాడు ఎయిరిండియా 'కనిష్క' ఐర్లండు తీరానికి దూరంగా ఆకాశంలోనే పేలిపోయి సముద్రంలో పడింది. 329 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు మనలాగే దేశం వదిలి వచ్చి కెనడాలో స్థిరపడిన భారతీయులు, వారి పిల్లలు. జస్టిస్ జాన్ మేజర్ విచారణ సంఘం 2010లో ఇచ్చిన నివేదిక ఈ తప్పులన్నిటినీ వరుసగా లెక్కకట్టింది.

రెండో కథ 1986 ఏప్రిల్ 17న లండన్ హీత్రో విమానాశ్రయంలో జరిగింది. టెల్ అవీవ్ వెళ్ళే ఎల్ ఆల్ విమానం ఎక్కడానికి గర్భవతి అయిన ఒక ఐరిష్ యువతి వచ్చింది. ఆమె సంచి అప్పటికే విమానాశ్రయంవారి ఎక్స్-రే దాటింది. విమానసంస్థ భద్రతా సిబ్బంది ప్రయాణం గురించి మామూలు ప్రశ్నలే వేశారు. జవాబులు ఒకదానికొకటి పొసగలేదు. సంచి ఖాళీ చేయించి చూస్తే, ఖాళీ సంచి కూడా బరువుగానే ఉంది! అడుగున దొంగ అరలో సుమారు కిలోన్నర సెమ్‌టెక్స్ పేలుడు పదార్థం దొరికింది. పెళ్ళి చేసుకుంటానని నమ్మించిన నెజార్ హిందావీ ఆ సంచి ఇచ్చి పంపాడు. అతనికి కోర్టు 45 ఏళ్ళ జైలుశిక్ష వేసింది. 370 మందికి పైగా ప్రయాణికులు ప్రాణాలతో బయటపడ్డారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ యువతికి బాంబు సంగతి బొత్తిగా తెలియదు. తన సంచిలో ఏముందో తెలియని మనిషి దానికోసం కంగారుపడదు కదా! ముఖం చూసి దొంగను పసిగట్టాలని కూర్చుంటే ఆమె నిక్షేపంగా విమానం ఎక్కేసేది. అడగడం, జవాబు వినడం, అనుమానం తీరేదాకా వదలకపోవడం నేర్పితే వచ్చిన విద్యలు. వాటివల్లే అంతమంది బతికారు.

అమెరికా ఈ పాఠం నేర్చుకోవడానికి చాలాకాలం పట్టింది. 1973 జనవరిలో ప్రయాణికులందరి తనిఖీ మొదలైనా, ఆ పని విమానసంస్థలు తక్కువ జీతాలిచ్చే కాంట్రాక్టు కంపెనీలకు అప్పగించాయి. 19 పెద్ద విమానాశ్రయాలలో 1998 మే నుంచి ఒక్క ఏడాదిలో తనిఖీ సిబ్బంది సగటున 126 శాతం మారిపోయారని కాంగ్రెసు తరఫున లెక్కలు చూసే జి.ఎ.ఓ. సంస్థ తేల్చింది. పని చేతికి వచ్చేలోపే మనిషి వెళ్ళిపోయేవాడన్నమాట. 2001 సెప్టెంబరు 11 తరువాత ఈ బాధ్యతను ప్రభుత్వం టి.ఎస్.ఎ.కు అప్పగించింది. కొత్త సిబ్బందికి జార్జియా రాష్ట్రంలోని గ్లింకోలో ఒకేచోట శిక్షణ ఇచ్చే అకాడమీ మాత్రం 2016లో గాని రాలేదు.

ఈలోగా 2007 నుంచి 'స్పాట్' అనే పద్ధతిని విస్తరించారు. ప్రత్యేక అధికారులు క్యూలో ఉన్నవారి హావభావాలు గమనించి అనుమానితులను ఏరేవారు. దీనికి దాదాపు 90 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, 2013లో జి.ఎ.ఓ. పెదవి విరిచింది. ముఖకవళికలను బట్టి అబద్ధం కనిపెట్టడం బొమ్మాబొరుసు వేయడంకంటే పెద్దగా మెరుగు కాదని చెప్పింది. అంతకు ముందు ఏడాదే బోస్టన్‌లో 30 మందికి పైగా అధికారులు, తమ సహోద్యోగులు రంగునూ జాతినీ చూసి మనుషులను ఆపుతున్నారని ఫిర్యాదు చేశారు.

ఇది మనకు దగ్గరి విషయం. మొదటిసారి విమానమెక్కి, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన మన అమ్మానాన్నలు యూనిఫారం చూస్తే తడబడతారు. పెద్ద అధికారి కళ్ళలోకి సూటిగా చూడటం మర్యాద కాదనుకుంటారు. చెమటనూ తడబాటునూ నేరానికి గుర్తులనుకుంటే ముందుగా ఆపేది వారినే.

బ్రిటన్‌కు చెందిన ఆర్మరాడ్, డాండో అనే పరిశోధకులు విమానాశ్రయాలలో జరిపిన ప్రయోగం 2015లో అచ్చయింది. వేషం వేసి అబద్ధాలాడిన ప్రయాణికులలో, హావభావాలు చూసే సిబ్బంది 3 శాతం మందినే పట్టుకున్నారు. ప్రయాణం గురించి స్నేహంగా మాట్లాడుతూ చెప్పిన వివరాలను పరీక్షించడం నేర్చుకున్నవారు 66 శాతం మందిని పట్టుకున్నారు.

కాబట్టి ఎవరైనా అధికారి మనల్ని నాలుగు ప్రశ్నలు అడిగితే చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఓపిగ్గా జవాబు చెబుదాం, పెద్దవాళ్ళకూ ముందే చెప్పి పంపుదాం. ముఖం చూసి ఆపితే మాత్రం ఎందుకని అడిగే హక్కు మనకుంది. ఆ అధికారికి తగిన శిక్షణ, తగిన జీతం, క్యూ ఎంత పెరిగినా 'కుదరదు' అనగలిగే అధికారం ఉండాలని కూడా మనం కోరాలి. వాంకూవర్‌ కౌంటరులో ఆ రోజు లేనివి అవే.